వడదెబ్బ అనుకున్నాం

ఇంట్లో ఎవరైనా క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ సూదులు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి వదిలే మందు, వేయించుకుంటుంటే, అందులోనూ మన కడప ఎండల్లో ఉంటుంటే, ఇది కాస్త ఓపిగ్గా చదవండి. పోయిన మే నెలలో మా నాయన మాకు దక్కకుండా పోయేంత పనైంది. క్యాన్సర్ ముదిరి కాదు. క్యాన్సర్‌కి వేస్తున్న మందు ఒంట్లో ఇంకోచోట చేసిన పనివల్ల. అది తెలియడానికి మాకు పదహారు రోజులు పట్టింది, ఆ పదహారు రోజులూ మేం ఆయనకు మజ్జిగ, ఓఆర్ఎస్ నీళ్లు తాపిస్తూ కూర్చున్నాం.

మొదటి నుంచి చెబుతా, లేకపోతే అర్థం కాదు.

మాది పులివెందుల పక్క పల్లె. నాయనకు నాలుగెకరాల చీనీ తోట, కొంచెం మెట్ట చేను. నేను పెళ్లయినప్పటి నుంచి కడపలోనే ఉంటున్నా, ఒక బడిలో లెక్కలు చెబుతా. 2023 ఫిబ్రవరిలో నాయనకు ఆయాసం మొదలైంది. తోటలో నీళ్లు కట్టి ఇంటికి నడిచొచ్చేలోపు రెండుసార్లు కూర్చుంటున్నాడని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కడపకు పిలిపించి చూపిస్తే కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు, సూది పెట్టి లీటరున్నర తీశారు, చెనిక్కాయ నూనె రంగులో ఉండింది. నీటి పరీక్షలో క్యాన్సర్ కణాలేమీ కనిపించలేదు. మన దగ్గర ఊపిరితిత్తి చుట్టూ నీరంటే ముందు టీబీ అనే అనుకుంటారు, అనుకోవడంలో తప్పు కూడా లేదు, చాలామందిలో అదే అయ్యుంటుంది. టీబీ మందులు మొదలుపెట్టారు. నాలుగు నెలలు మింగాడు. మూత్రం ఎర్రగా పోయిందే తప్ప ఆయాసం పోలేదు, జులైలో మళ్లీ నీరు చేరింది, ఈసారి రొమ్ములో ఒకపక్క పొడిచినట్టు నొప్పి కూడా.

అప్పుడు వేలూరు పోయాం. అక్కడ పక్కటెముకల మధ్య చిన్న గాటు పెట్టి, కెమెరా లోపలికి పంపి, ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర నుంచి ముక్క తీశారు. ఆ ముక్క రిపోర్టు రాకముందే, పరీక్ష చేసిన డాక్టరు నాయన మంచం దగ్గరికొచ్చి అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"పెద్దాయనా, వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసేవారు?"

"రాతినార గనిలో" అన్నాడు నాయన.

డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎన్నేళ్లు చేశారు, లోపల దిగేవారా, బయట నార వలిచేవారా, మూతికి గుడ్డ కట్టుకునేవారా, ఆ బట్టలతోనే ఇంటికొచ్చేవారా, అన్నీ అడిగాడు. కడపలో ఐదు నెలలు తిరిగాం, నలుగురికి చూపించాం, ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు. నలభై ఏళ్ల కిందట వదిలేసిన పనికీ ఇవాళ్టి ఆయాసానికీ ముడి ఉంటుందని మాకేం తెలుసు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, పులివెందుల చుట్టుపక్కల, బ్రాహ్మణపల్లె వైపు భూమిలో ఆస్బెస్టాస్ ఉంది. మనవాళ్లు రాతినార అంటారు. నాయన 1976లో, పద్దెనిమిదేళ్లప్పుడు చేరి 1985 దాకా చేశాడు. పచ్చటి రాయి మధ్యలో తెల్లగా పట్టీ మాదిరి కనిపిస్తుందంట, సుత్తితో మెల్లగా కొడితే రాయి రాలిపోయి నార విడిపోతుందంట, వేళ్లతో దువ్వితే దూది లెక్క మెత్తగా వచ్చేదంట. "పట్టు మాదిరి ఉండేది పాపా, ఎండలో మెరిసేది" అని చెప్పేటప్పుడు ఆయన బొటనవేలు, చూపుడువేలు కలిపి ఇప్పటికీ అలా నులుముతాడు. ఆ నారలో కంటికి కనిపించని సన్న పోగులు ఊపిరితో లోపలికి పోయి, ఊపిరితిత్తి పైపొర దాకా చేరి, అక్కడే ఉండిపోతాయి. జబ్బు బయటపడటానికి ఇరవై ఏళ్ల నుంచి యాభై ఏళ్ల దాకా పట్టొచ్చు. మా నాయన చేరినప్పటి నుంచి లెక్కేస్తే 47 ఏళ్లు.

మన దేశంలో రాతినార తవ్వకానికి 1986లో కొత్త లీజులు ఇవ్వడం ఆపేశారు, 1993లో ఉన్న లీజుల పొడిగింపు కూడా ఆపేశారు. 1995లో సుప్రీం కోర్టు ఈ పని చేసిన ప్రతి మనిషి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, రెండిట్లో ఏది ఎక్కువైతే అంతకాలం ఉంచాలని చెప్పింది. నాయన దగ్గర ఒక్క కాగితం లేదు. హాజరు పుస్తకంలో పేరు ఉండేదంట, వారం వారం కూలి చేతికిచ్చేవాళ్లంట, అంతే. దీని గురించి కోపం లేదని చెప్పలేను. కానీ నేను రాయాలనుకున్నది వేరే కాబట్టి ఇక్కడితో ఆపుతా.

రిపోర్టులో మెసోథెలియోమా అని వచ్చింది, అంటే ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్, అందులో ఎపిథెలియాయిడ్ అనే రకం. ఆపరేషన్‌కి వీలుకాదన్నారు. కీమో గురించి పెద్దగా రాయను, దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. పెమెట్రెక్సెడ్, సిస్ప్లాటిన్, మూడు వారాలకోసారి ఆరుసార్లు. ఈ జబ్బుకు 2004 నుంచీ మొదట ఇస్తూ వస్తున్న కీమో ఇదే. ఒక వారం ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్ర, బీ12 సూది తప్పకుండా ఉండాలి, అది లేకపోతే పెమెట్రెక్సెడ్ మనిషిని బాగా దెబ్బతీస్తుంది. మూడో సైకిల్ నుంచి చెవుల్లో గుయ్యిమని మోత వస్తుందంటే సిస్ప్లాటిన్ మార్చి కార్బోప్లాటిన్ ఇచ్చారు. 2024 జనవరికి అయిపోయింది. తొమ్మిది నెలలు బాగున్నాడు. తోటకు పోయాడు, మనవరాలి చెవులు కుట్టించాడు.

అక్టోబరు స్కాన్‌లో పొర మళ్లీ మందమైంది.

రెండో వరస మందు అనేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే డాక్టరు ముఖంలో మొదటిసారి ఉన్నంత నిబ్బరం కనిపించలేదు. ఆయన దాచకుండా చెప్పాడు. నివొలుమాబ్, ఇపిలిముమాబ్ అని రెండు ఇమ్యునోథెరపీ మందులు కలిపి మొదటి వరసలోనే ఇవ్వడానికి 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది, 605 మంది మీద చేసిన పరీక్షలో సగంమంది 18.1 నెలలు దాటి బతికారు, కీమో తీసుకున్నవాళ్లలో అది 14.1 నెలలు. నాయన రకంలో ఆ తేడా తక్కువ, ఖర్చు మోయలేనిది, అందుకని మొదట కీమోకే పోయాం. కీమో అయిపోయి జబ్బు మళ్లీ పెరిగినవాళ్లకు నివొలుమాబ్ ఒక్కటే ఇచ్చి బ్రిటన్‌లో 332 మంది మీద చూశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. మందు లేనివాళ్లలో సగంమంది 6.9 నెలలు దాటితే, మందు వేయించుకున్నవాళ్లలో సగంమంది 10.2 నెలలు దాటారు.

నేను లెక్కల టీచర్ని, ఆ తేడా 3.3 అని క్షణంలో తెలుస్తుంది. అది మా నాయన అయినప్పుడు ఆ అంకెను ఏం చేసుకోవాలో తెలియలేదు. "మూడు నెలల కోసం మెట్ట అమ్ముతారా" అని మా చిన్నాయన అడిగాడు, ఆయన చెడ్డ మనసుతో అడగలేదు. నాయనే తేల్చాడు. "అది అందరి లెక్క. నాది ఎంతో నాకు తెల్దు గదా" అన్నాడు. మెట్ట అమ్మాం. ఒక్కో సూదికి లక్ష దాటేది, కొన్ని కొంటే కొన్ని ఉచితంగా ఇచ్చే కంపెనీ పథకంలో ఆసుపత్రివాళ్లే పేరు రాయించారు, అది లేకపోతే నాలుగు సూదులకే ఆగిపోయేవాళ్లం. ఖరీదైన మందు అనగానే వెనక్కి తిరిగి రాకుండా ఆ పథకం ఉందా అని నోరు తెరిచి అడగండి.

ఈ మందు ఎలా పనిచేస్తుందో డాక్టరు నాయనకు తోట భాషలో చెప్పాడు. "నీ ఒంట్లోనే కాపలా కుక్కలున్నాయి పెద్దాయనా. క్యాన్సరు వాటిని మచ్చిక చేసుకుని గొలుసేసి కట్టేసింది. ఈ సూది ఆ గొలుసు విప్పుతుంది. విప్పిన కుక్క దొంగనే పట్టుకుంటుందని మాత్రం నేను మాటివ్వలేను, ఇంట్లోవాళ్లనూ కరవొచ్చు." ఈ గొలుసు సంగతి కనిపెట్టిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో అనే ఇద్దరికి 2018లో నోబెల్ వచ్చింది. ఇంట్లోవాళ్లు అంటే ఎవరో కూడా చెప్పాడు: పేగులు, ఊపిరితిత్తులు, కాలేయం, చర్మం, థైరాయిడ్, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, కొందరిలో గుండె. కీమో లెక్క సూది వేసిన వారంలో బాధపెట్టి పోయేది కాదు ఇది, నెలల తర్వాత రావొచ్చు, మందు ఆపేశాక కూడా రావొచ్చు. నర్సమ్మ ఒక అట్ట కార్డు ఇచ్చింది, ఈ రోగి ఇమ్యునోథెరపీ మీద ఉన్నాడు, ఏ కొత్త బాధ వచ్చినా ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. నేను దాన్ని భద్రంగా ఫైల్లో పెట్టా. ఫైలు టీవీ కింద అరలో పెట్టా. అదే నేను చేసిన తప్పు.

2024 నవంబరులో మొదలుపెట్టాం. రెండు వారాలకోసారి, రాత్రి బస్సులో తిరుపతి మీదుగా పోవడం, పొద్దున రక్తపరీక్ష, మధ్యాహ్నం అరగంట డ్రిప్పు, సాయంత్రం మళ్లీ బస్సు. కీమోతో పోలిస్తే ఏమీ లేనట్టే ఉండింది. వాంతులు లేవు, జుట్టు పోలేదు. జనవరిలో థైరాయిడ్ దెబ్బతింది, మాత్ర మొదలుపెట్టారు. అది చాలామందికి వచ్చేదే, మాత్రతో సరిపోతుందన్నారు, సరిపోయింది. ఫిబ్రవరి స్కాన్‌లో పొర కొంచెం పలచబడింది. అమ్మ ఆ రోజు గండి ఆంజనేయస్వామికి మొక్కుకుంది.

ఏప్రిల్ 24న పన్నెండో సూది. ఆ రోజు పరీక్షలన్నీ బాగున్నాయి. ఎండలు ముదిరాయి, పల్లెలో కరెంటు పోతోందని అమ్మానాయనలను కడపలో మా ఇంటికే తెచ్చుకున్నా. 28న నాయన సంగటి వద్దన్నాడు. అంతే, అలా మొదలైంది. సంగటి వద్దు, నీళ్ల మజ్జిగ చాలు. లేచి బాత్రూముకు పోతే కళ్లు తిరుగుతున్నాయి. పగలంతా పడుకునే ఉంటున్నాడు, టీవీలో వార్తలు కూడా వద్దు, మాట్లాడితే ఒక్క ముక్క జవాబు. బయట 43 డిగ్రీలు. ఆ వీధిలో సగంమంది అలాగే ఉన్నారు కదా. వడదెబ్బ అనుకున్నాం.

దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకుపోయా. బీపీ కొంచెం తక్కువుంది, రెండు సెలైన్లు ఎక్కించారు, ఆ సాయంత్రం కాస్త తేరుకున్నాడు, మాకు నమ్మకం కుదిరింది. మూడు రోజులకు మళ్లీ అంతే. ఈసారి థైరాయిడ్ పరీక్ష చేసి, టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువుంది, అంటే థైరాయిడ్ చాలడం లేదు, అందుకే నీరసం అని థైరాయిడ్ మాత్ర డోసు పెంచారు. ఆ పెంచడమే మనిషిని తోసేసిందని తర్వాత తెలిసింది. మే 8న వేలూరు పోవాల్సింది, ఇంత నీరసంగా ఉన్నప్పుడు బస్సులో ఎందుకు, ఒక వారం ఆగి పోదాంలే అని నేనే అన్నాను. ఫోన్ కూడా చేయలేదు. క్లినిక్‌లో క్యాన్సర్ అని చెప్పాను, కీమో అయిపోయింది అని చెప్పాను, ఇప్పుడు ఏదో సూది వేస్తున్నారు అన్నాను. ఇమ్యునోథెరపీ అన్న మాట నా నోట్లోంచి రాలేదు.

మే 14 తెల్లవారుజామున అమ్మ కేకేసింది. నాయనకు చెమటలు, చేయి చల్లగా ఉంది, నన్ను చూసి మా మేనత్త పేరు పెట్టి పిలిచాడు. ఆటోలో పెద్దాసుపత్రి ఒకదానికి తీసుకుపోయాం. బీపీ 80/50. షుగరు 62, ఆయనకు జన్మలో షుగరు జబ్బు లేదు. సోడియం 118 వచ్చింది, ఉండాల్సింది 135 నుంచి 145. డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ, నా చిన్న చెల్లెలంత ఉంటుంది. "ఏ సూది వేస్తున్నారమ్మా, పేరు చూపించండి" అంది. మా ఆయన ఇంటికి పోయి టీవీ కింద నుంచి ఫైలు తెచ్చాడు. ఆ అమ్మాయి కార్డు చూసి, దాని మీదున్న నంబరుకు తనే ఫోన్ చేసింది.

అవతలి నుంచి ఏం చెప్పారో ఆమె రాసుకున్న చీటీ నా దగ్గర ఉంది. కార్టిసాల్‌కు రక్తం తీసి పక్కన పెట్టు. రిపోర్టు కోసం ఆగొద్దు. వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరానికి. సెలైన్. ఈ స్థితిలో వేలూరుకు బయలుదేరనివ్వొద్దు.

సూది పొద్దున ఏడుంబావుకు వేశారు. పదకొండుకు బీపీ 110 దాటింది. మధ్యాహ్నం రెండుకు నాయన కళ్లు తెరిచి, మంచం పక్కన నన్ను చూసి, "ఆకలైతాంది పాపా, ఊరిమిండి ఏసుకుని రొంత సంగటి తినాలనుంది" అన్నాడు. పదహారు రోజుల తర్వాత ఆయన నోటి నుంచి ఆకలి అన్న మాట. నేను కారిడార్లోకి పోయి గోడకానుకుని ఏడ్చాను.

కార్టిసాల్ 1.1 అని వచ్చింది. పొద్దునపూట 3 కన్నా తక్కువుంటే ఒంట్లో ఆ హార్మోను లేనట్టే. తర్వాత వేలూరులో అంతా విడమరిచి చెప్పారు. గొలుసు విప్పిన కుక్క ఈసారి పిట్యూటరీని కరిచింది. ఆ గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే కబురు వెళ్తేనే కిడ్నీల మీదున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ చేస్తాయి. కబురు ఆగిపోయింది, కార్టిసాల్ ఆగిపోయింది. కార్టిసాల్ లేకపోతే బీపీ నిలవదు, సోడియం నిలవదు, తిండి మీదకు మనసు పోదు, మంచం మీంచి లేవబుద్ధి కాదు. ఇవన్నీ వడదెబ్బలోనూ ఉంటాయి, ముదిరిన క్యాన్సర్‌లోనూ ఉంటాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. సెలైన్ ఎక్కిస్తే ఒకపూట తేరుకోవడం కూడా మమ్మల్ని మోసం చేసింది. ఇంకొకటి, కార్టిసాల్ లేని ఒంట్లో థైరాయిడ్ మాత్ర పెంచితే, మిగిలిన కాస్త కార్టిసాలూ త్వరగా ఖర్చైపోతుందంట. రెండూ దెబ్బతిన్నప్పుడు ముందు హైడ్రోకార్టిసోన్ ఇచ్చి, ఆ తర్వాతే థైరాయిడ్ సంగతి చూడాలి. ఇది తెలియని డాక్టరును నేను తప్పుపట్టను, నేను మందు పేరు చెప్పి ఉంటే ఆయనా ఆలోచించేవాడేమో. నివొలుమాబ్ తీసుకునేవాళ్లలో ఇది అరుదుగా వచ్చేది, కానీ వస్తే చాలావరకు శాశ్వతం.

అప్పటి నుంచి నాయనకు రోజూ హైడ్రోకార్టిసోన్, అంటే కార్టిసాల్‌కు బదులు వేసుకునే స్టెరాయిడ్ మాత్ర. పొద్దున లేవగానే 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5, సాయంత్రం 5. ఇక్కడ ఇంకో గొడవ. స్టెరాయిడ్ అనగానే చుట్టాలందరూ ఒకటే భయపెట్టడం, ఎముకలు గుల్లవుతాయి, ముఖం ఉబ్బుతుంది అని. అమ్మ వాళ్ల మాట విని మధ్యాహ్నం మాత్ర మానిపించింది, మాకు చెప్పలేదు. నాలుగో రోజు నాయన వరండాలో తూలి పడబోయాడు. అమ్మను కసురుకోలేదు, కూర్చోబెట్టి చెప్పాను. పేగులకో ఊపిరితిత్తులకో దెబ్బ తగిలితే కుక్కను అదుపు చేయడానికి పెద్ద డోసు స్టెరాయిడ్లు ఇచ్చి, వారాల తరబడి మెల్లగా తగ్గిస్తారు, అది వేరు. నాయనకిచ్చేది ఒళ్లు తనంతట తాను రోజూ చేసుకోవాల్సిన దానికి బదులు, అంతే కొలతలో. కూరలో ఉప్పు లేదని వేసేదే తప్ప ఎక్కువ వేసేది కాదు. ఆ మాట అమ్మకు పట్టింది. ఇప్పుడు మాత్రల టైముకు గడియారం చూసేది ఆమే.

జ్వరమొస్తే డోసు రెట్టింపు చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే సూది వేయించుకోవాలి, ఆలస్యం చేయకూడదు. ఆ సూది మందు ఒకటి మా ఫ్రిజ్ పక్క డబ్బాలో ఎప్పుడూ ఉంటుంది, మా వీధిలో ఉండే నర్సుకు చెప్పి పెట్టాను. కార్డు ఫైల్లో లేదు. నాయన చొక్కా జేబులో ఉంది, ప్లాస్టిక్ కవర్లో, ఆధార్ కార్డుతో పాటు.

నాకు ఆశ్చర్యం వేసింది ఏమంటే, ఇంత జరిగాక కూడా నివొలుమాబ్ ఆపలేదు. పేగులకో ఊపిరితిత్తులకో గట్టి దెబ్బ తగిలితే ఆపేస్తారు, హార్మోన్ల దెబ్బైతే మాత్రతో నిలబెట్టి కొనసాగించొచ్చు అన్నారు. జూన్ నుంచి మళ్లీ మొదలుపెట్టాం. నవంబరు స్కాన్ దాకా పనిచేసింది. మొదటి సూది నుంచి లెక్కేస్తే పన్నెండు నెలలు. ఆ 10.2 అంకెను నేను అప్పుడప్పుడూ తలుచుకుంటా. చీనీ కాపు చూశాడు, కాయ దింపించి బేరం కూడా ఆయనే చేశాడు.

ఇప్పుడు మూడో వరస, జెమ్‌సిటబిన్. మొదటి రోజు, ఎనిమిదో రోజు, తర్వాత మూడో వారం ఖాళీ. ఇది పాత మందు, ధర మనబోటివాళ్లకు అందేదే. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, సూది వేసిన రాత్రి జ్వరం లాగా వస్తుంది, ఆ రాత్రి హైడ్రోకార్టిసోన్ పెంచుతాం. నివొలుమాబ్ ఆపాక కూడా దాని దెబ్బ రావొచ్చని చెప్పారు కాబట్టి, డిసెంబరులో పొడి దగ్గు, ఆయాసం పెరిగినప్పుడు ఈసారి ఒక్క రోజు కూడా ఆగలేదు, అదే సాయంత్రం ఫోన్ చేశా, మర్నాడు సీటీ తీయించాం. ఊపిరితిత్తుల్లో వాపు లేదు, నీరే మళ్లీ చేరింది, తీశారు. ఎంతకాలం ఉంటాడని డాక్టర్ని నేను అడగడం మానేశా. నాయన ముందూ అడగలేదు.

పోయిన ఆదివారం పల్లె నుంచి నాయనతో గనిలో పనిచేసిన ఆయన ఒకడు చూడటానికొచ్చాడు. ఇద్దరూ ఒకే జతలో నార వలిచేవాళ్లంట. మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాక చాలాసేపు మాట్లాడలేకపోయాడు, రొప్పుతున్నాడు. నాయన ఆయన్నే చూస్తున్నాడు. ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. రెండు నెలలైతాంది, పులివెందులలో చూపించుకున్నా, దగ్గు మందు ఇచ్చినారు అన్నాడాయన.

నాయన నా చేత ఒక తెల్లకాగితం తెప్పించాడు. తనే చెబుతూ ఆయన గురించి నాతో రాయించాడు: రాతినార గనిలో పదకొండు ఏళ్లు పని చేసినాడు, నార వలిచే పని, మూతికి ఏమీ కట్టుకోలేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన చొక్కా జేబులో తనే పెట్టాడు. "డాక్టరు అడిగినా అడగకపోయినా ముందు ఇది చేతికియ్యి" అన్నాడు. బుధవారం ఎక్స్‌రేకి నేనే తీసుకుపోతున్నా.